కావలిపెట్టెకు చెప్పని మాట

ఆ కాలానికి, ఇంటినుంచి పనిచేసే ప్రతి ఉద్యోగి గదిలోనూ కంపెనీవారి కావలిపెట్టె గ్యాసుపొయ్యి అంత మామూలు వస్తువైపోయింది. పరాయి మనిషి గడప దాటితే చాలు, కంపెనీ గుట్టు బయటపడకుండా కంప్యూటరు తెర నల్లబడేది. నీరజకు మజ్జిగ తెచ్చిన ప్రతిసారీ అత్తగారు కనకవల్లి దాని లెక్కలో పరాయిదే. ఇంకొక్కసారి తెర నల్లబడితే వారమంతా ఆఫీసుకే రావాలని కంపెనీ కబురు పెట్టింది.

ఇక ఒకటే దారి. అత్తగారు నోరు జారే మనిషి కాదని పెట్టెకు నమ్మకం కుదరాలి. నీరజ భయమూ అదే. కనకవల్లి చెవిన పడిన మాట లిఫ్టు కిందికి దిగేలోగా అపార్టుమెంటంతా చుట్టివస్తుంది మరి.

కనకవల్లి కొంగు సర్దుకుని, పరీక్షకు పెట్టె ముందు కూర్చుంది.

"అమ్మా, మీ కోడలు మీకు తెలియకుండా చేసే పనులేమైనా ఉన్నాయా?" అని పెట్టె తియ్యగా అడిగింది.

"నాకు తెలియకుండా చేస్తే నాకెలా తెలుస్తుంది నాయనా?"

"చెప్పుకుంటే మనసు తేలికపడుతుందమ్మా."

"నా మనసు బరువుగా ఉందని నీతో ఎవరన్నారు? మా ఇంటి సంగతులు నీకెందుకు?"

పెట్టె ఎన్ని విధాల బతిమాలినా ఆమె పెదవి విప్పలేదు. చివరకు పచ్చదీపం వెలిగింది.

"ఏం చెప్పేస్తారోనని హడలిపోయాను అత్తయ్యా!" అంది నీరజ.

కనకవల్లి ఆమెను వంటింట్లోకి లాక్కుపోయి, తలుపు మూసి, చెవిలో చెప్పింది.

"ఆఫీసుకెళ్లిన రోజుల్లో గుడ్డు పఫ్ తినొస్తావని నాకెప్పుడో తెలుసు. తింటే తిన్నావుగానీ, నోరు శుభ్రంగా కడుక్కుని రావే తల్లీ. మీ మామయ్యగారి ముక్కు ఆ పెట్టెకన్నా చురుకు!"