నిప్పు లేని మూకుడు

మూకుడులో నిప్పు లేదు.

అది మొదట చూసింది ఓయ్‌జమోల్.

"ఇస్పంద్ పొగ వేస్తానని వచ్చావు, మరి నిప్పేదమ్మా?"

గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. దుమ్ముగాలికి ముఖమంతా శాలువా చుట్టుకుంది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు వాకిట్లో ఉన్న కారుని చూస్తున్నాయి.

బోఖ్తార్ వీధుల్లో ఇస్పంద్ గింజలు కాల్చి దిష్టి పొగ వేసేవాళ్లకి కొదవ లేదు. చల్లారిన మూకుడు పట్టుకుని తిరిగేదాన్ని ఎవరైనా చూశారా?

కోడలు మోహ్రు పసిదాన్ని గుండెకి అదుముకుంది.

"అత్తా, పంపించెయ్. నాకు భయమేస్తోంది."

భయం వేయదా మరి! పాప పరిసోకి ఇంకా నలభై రోజులు నిండలేదు. నిండకుండా పసిబిడ్డని గడప దాటించరు. కానీ దాటించక తప్పడం లేదు. పుట్టుకతోనే గుండె బలహీనం, వేడి తగిలితే పెదాలు నీలమైపోతాయి. దుషాంబేలో పెద్ద డాక్టరు ఇవాళే చూస్తానన్నాడు. బయటేమో నిప్పులు చెరిగే ఎండ.

అందుకే మోహ్రు భర్త సంగిన్ కారు ఏసీ పని పట్టాడు.

ముసలి కారు. దాని ఏసీ ఎప్పుడో చచ్చింది. పాత ఫ్రిజ్ కంప్రెసర్ పీకి, దాంతో గొట్టాల్లోని గాలంతా లాగేశాడు. బానెట్ కింద ప్రతి అతుకుకీ సబ్బునురుగు రాసి, బుడగ రాలేదని చూసుకున్నాడు. డాష్‌బోర్డు వెనకాల ఉన్న భాగానికి మాత్రం చెయ్యి అందలేదు. అక్కడేం లీకవుతుందిలే అనుకున్నాడు. ఏసీలో నింపే ఫ్రియాన్ గ్యాసు బజార్లో దొరకలేదు. వీధిలో అందరూ చేసేదే తనూ చేశాడు, వంటగ్యాస్ ఎక్కించాడు.

"లోపల వాసనొస్తోందండీ" అంది మోహ్రు పొద్దున్నే.

"ఎక్కించేటప్పుడు చేతులకి అంటింది. పోతుందిలే. చల్లగా ఉందా లేదా, అది చెప్పు!"

చల్లగానే ఉంది, కాలవలో వేసిన పుచ్చకాయలా.

ఇంతలో ఆ ఆడమనిషి అడక్కుండానే లోపలికొచ్చేసింది. కారు కిటికీ సందులో ముక్కు పెట్టింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, సంగిన్ చెయ్యి పట్టుకుంది. ఏదో చెబుతోంది. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. కారుని చూపిస్తూ చేతులు రెండూ పైకి విసిరింది.

"శపిస్తోందిరా!" ఓయ్‌జమోల్ కేక పెట్టింది.

సంగిన్ ఒక్క తోపు తోశాడు. మూకుడు ఎగిరి గేటు అవతల పడింది.

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారంటే ఏమో అనుకున్నాను. ఇంకోసారి ఈ గేటు దగ్గర కనబడ్డావో, కాళ్లు విరగ్గొడతా!"

ఆవిడని బయటికి నెట్టేశాడు.

ఓయ్‌జమోల్‌కి మాత్రం మనసు కుదుటపడలేదు.

"చచ్చిన నిప్పుతో పసిదాని ఎదటికొచ్చింది. నేను పొగ వేసేదాకా బండి కదలడానికి వీల్లేదు."

"అమ్మా, ఆలస్యమవుతోంది."

"మీ నాన్నే నాకు ఎదురు చెప్పలేదు, నువ్వెంత!"

మోహ్రు బిడ్డతో వెనక సీట్లో కూర్చుంది. దుమ్ము రాకుండా అద్దాలు బిగించారు. ఏసీ వేసి, సంగిన్ గేటు తెరవడానికి వెళ్లాడు. ఓయ్‌జమోల్ రొట్టెల పొయ్యిలోంచి నిప్పులు తీసి ఇంట్లోని మూకుట్లో పోసింది. గింజలు చిటపటలాడాయి. ఏదో గొణుక్కుంటూ కారు చుట్టూ తిరిగింది.

"తలుపు తియ్ మోహ్రూ, పాప తల చుట్టూ తిప్పాలి."

మోహ్రు తలుపు మీద చెయ్యి వేసింది.

అప్పుడే అవతలి తలుపు తెరుచుకుంది. శాలువా మనిషి, తెరిచిన గేట్లోంచి దూరింది! మోహ్రు ఒళ్లోంచి బిడ్డని లాక్కుని పరుగెత్తింది.

"అయ్యో నా బిడ్డ! నా బిడ్డ!"

మోహ్రు ఆ తలుపులోంచే దూకింది. సంగిన్ పానా అందుకున్నాడు. ఓయ్‌జమోల్ మూకుణ్ణి కారు పక్కన నేల మీదే వదిలేసి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. వీధి వీధంతా వెంటపడింది.

ఆ మనిషి సందు చివరి దాకా పరుగెత్తి, అక్కడ కూలబడింది. బిడ్డ మీదికి గూడులా వంగింది.

పారిపోయే దొంగ అలా కూర్చుంటుందా అని ఒక్కరికైనా తట్టాలి కదా! తట్టలేదు.

మొదటి దెబ్బ సంగిన్‌ది. ఆ తర్వాతవి ఎవరెవరివో తెలియదు. ఆవిడ చేతులు రెండూ బిడ్డ చుట్టే ఉన్నాయి, ఒక్క దెబ్బకీ అడ్డం రాలేదు.

వెనక ఢామ్మంది. నేల అదిరింది.

అందరూ తిరిగి చూశారు. సంగిన్ ఇంటి గోడ మీదుగా మంట లేస్తోంది. కారులో నిండిన గ్యాసు తెరిచిన తలుపులోంచి నేలకి జారి, ఓయ్‌జమోల్ వదిలేసిన మూకుడు దాకా వెళ్లింది.

సంగిన్ చేతిలోంచి పానా జారిపోయింది.

మోహ్రు బిడ్డని తీసుకుంది. పరిసో గుక్కపట్టి ఏడుస్తోంది. ఒంటి మీద గీత కూడా లేదు.

ఎవరో అంబులెన్సుకి ఫోను చేస్తున్నారు. అది వచ్చేదాకా ఆవిడ ఉండదని చూస్తేనే తెలుస్తోంది. ఓయ్‌జమోల్ ఏడుస్తూ ఆవిడ తల ఒళ్లో పెట్టుకుంది. శాలువా తొలగింది. గడ్డం నుంచి గొంతు దాకా ఎప్పుడో కాలి ముడుచుకుపోయిన చర్మం.

"ఎవరమ్మా నువ్వు?"

పెదాలు కదిలాయి. మోహ్రు వంగి చెవి ఆనించింది.

"నాకు బాబు... నలభై రోజులు నిండలేదు. ఆ రోజు మా కార్లోనూ ఇదే వాసన. పొగ వేసింది నేనే."