భుజం వాలిన బొమ్మ

"పాడైపోయిన చార్టు ఒకటి ఉంటే ఇస్తారా అమ్మా?"

గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన. ఎడమ భుజానికి గుడ్డసంచీ.

అడగడానికి అంతకన్నా చెడ్డ ఘడియ దొరకదు. చార్టమ్మకి పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది.

బడి గోడలకు తగిలించే చార్టులు అచ్చువేసే ప్రెస్సు అది. బొమ్మలూ అంకెలూ సరిచూసి పంపే ఆవిడని అందరూ చార్టమ్మ అంటారు, ఎదురుగా మాత్రం కాదు. కెన్యా, ఇథియోపియాల జనాభానీ ఆదాయాన్నీ పక్కపక్కన పోల్చి చూపే చార్టు మధ్యాహ్నానికల్లా మెషిన్ ఎక్కాలి. ఎక్కకపోతే వేల బడుల ఆర్డరు చేజారిపోతుంది, దాంతోపాటు నీ ఉద్యోగమూ పోతుందని మేనేజరు గంటకోసారి ఫోన్లో అరుస్తున్నాడు.

"పాడైనవి ఇక్కడ ఉండవు. మేం పాడుచెయ్యం."

"మనవరాలు అడుగుతోందమ్మా. ఏ చార్టయినా ఫరవాలేదు. ఈ మనిషి బొమ్మ ఉంటే చాలు."

సరిచూడ్డానికి గోడకి అంటించిన ప్రూఫులో బొమ్మని చూపించాడు. జనాభా లెక్క చెప్పడానికి ఆ ప్రెస్సు ఏళ్ల తరబడి వాడుతున్న చిన్న నల్ల బొమ్మ అది.

"ఆ వంకర భుజం బొమ్మా? దాని పీడ ఇవాళ్టితో విరగడ. వచ్చే చార్టుకి కొత్తది తెప్పిస్తున్నాను."

ఆయన ముఖం చిన్నబోయింది. కానీ వెళ్లలేదు. సొంత ఇల్లయినట్టు నేరుగా ప్రూఫు దగ్గరికి నడిచాడు.

"ఇథియోపియా వరుసలో ఆరున్నర బొమ్మలే ఉన్నాయేమమ్మా?"

"కింద రాశాం కదా! అక్కడ బొమ్మకి రెండు కోట్ల మంది. కెన్యాకి బొమ్మకి కోటి."

"అలా ఎందుకు?"

"పదమూడు బొమ్మలు పట్టవు కనక! మీకు సంజాయిషీ ఇచ్చుకోవాలా నేను?"

"ఇటు కెన్యాకి ఐదున్నర బొమ్మలు, అటు ఆరున్నర. దేశాల ఆదాయం పట్టీలు చూస్తే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు. చూసిన పిల్ల ఏమనుకుంటుంది? రెండుచోట్లా తలకి ఒకేలా అందుతోందనుకోదూ? అక్కడ అంతే సొమ్ముని రెండింతల పైచిలుకు జనం పంచుకోవాలి కదమ్మా."

"కింద అంకె ఉందంటున్నానా!"

"పిల్లలు అంకె చదవరమ్మా. బొమ్మలు లెక్కపెడతారు."

అరికాలి మంట నెత్తికెక్కింది చార్టమ్మకి. ఆ మాట నిజమేనని లోపలెక్కడో తట్టినందుకు ఇంకాస్త ఎక్కింది.

అంతలో ఫోన్ మోగింది. మేనేజరు. రెండు నిమిషాలు ఆయనతో వాదులాడి ఇటు తిరిగేసరికి, ఆవిడ పెన్సిలే పట్టుకుని ముసలాయన ప్రూఫు అంచున ఏదో గీస్తున్నాడు.

"ప్రూఫు మీద గీతలా! ఎవరిచ్చారు మీకా హక్కు?"

"కాస్త చిన్నవి చేస్తే పదమూడూ పడతాయమ్మా. అదే చూపిద్దామని."

"ముందు బయటికి నడవండి! ఊరికే వచ్చే చార్టు కోసం దేబిరిస్తూ వచ్చి నాకు పాఠాలు చెబుతారా?"

పెన్సిలు జాగ్రత్తగా బల్లమీద పెట్టాడాయన.

"వస్తానమ్మా."

అంతటితో కోపం దిగితే బాగుండేది. పంతం పట్టుకుంది.

"మామయ్యా, ఉన్నదున్నట్టు ఎక్కించెయ్!" అని లోపలికి కేకేసింది.

ప్రెస్సు పెట్టిన నాటినుంచీ మెషిన్ నడుపుతున్న ఆయన్ని అక్కడ అందరూ మామయ్య అనే పిలుస్తారు. అరగంట తర్వాత తడి ఆరని చార్టు పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చాడు.

"కళ్లద్దాలు పెట్టుకుని చూసేసరికే మూడొందలు దిగిపోయాయి. ఆపేశాను. అన్నీ చెత్తే! ఒకే చార్టులో బొమ్మకి ఇక్కడో లెక్క, అక్కడో లెక్కా? ఈ ప్రెస్సులో ఎప్పుడైనా..."

ఆయన చూపు గోడమీది ప్రూఫు మీద పడింది.

అంచున పదమూడు పెన్సిలు బొమ్మలు. ఒకదానికీ మరొకదానికీ వెంట్రుకంత తేడా లేదు. ప్రతిదానికీ ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది.

"ఇవి ఎవరు గీశారు?"

"ఎవరో ముసలాయన. పాడైన చార్టు కావాలని వచ్చాడు. వెళ్లగొట్టాను."

"ఎడమ భుజం వాలి ఉందా ఆయనకి?"

"ఉంది. సంచీ బరువుకి."

"బరువు కాదమ్మాయ్, పుట్టుకే అంత!" మామయ్య కసిరాడు. "ఎటు వెళ్లాడు?"

చార్టమ్మ వీధిలోకి పరుగెత్తింది. ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. వాలిన భుజం ఒక్కటీ లేదు.

తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. పాడైన చార్టు ఒక్కటీ లేదంది. ఇప్పుడు మూడొందలున్నాయి, అడిగిన మనిషి లేడు.

వెనకాలే వచ్చి నిలబడ్డ మామయ్య ఆవిడ ముఖం చూడకుండా అన్నాడు.

"ప్రెస్సు పెట్టిన కొత్తలో ఈ బొమ్మ కోసం ఆయనే అద్దం ముందు నిలబడి తన్ను తానే గీసుకున్నాడు, నువ్వు ఇన్నాళ్లూ కోట్ల జనం అని అచ్చేస్తున్నది ఆ ఒక్క మనిషినే."