పక్క సీటు

గంగరాజు స్టీరింగు ముందు కూర్చునేసరికి పక్క సీట్లో ఒక మనిషి అప్పటికే ఎక్కి ఉన్నాడు.

యాభై దాటిన మనిషి. మెడలో తువ్వాలు, ఒళ్ళో అన్నం క్యారియరు.

"ఎవరండీ మీరు?"

"చిట్టియ్య అంటారబ్బాయ్. నీకు క్లీనర్ని."

ఈ వయసులో క్లీనరేంటో గంగరాజుకు అర్థం కాలేదు. కానీ బండి ఓనరు సంపూర్ణమ్మ పంపిన మనిషి. ఎదురు చెప్పే రోజు కాదు అది.

మండపేటలో ఒక మిల్లు ట్రాక్టరు తోలుతూ తోలుతూ, ఎట్టకేలకు హెవీ లైసెన్సు సంపాదించాడు గంగరాజు. లారీ మీద ఇదే మొదటి దూరప్రయాణం. కేరళకు ఉప్పుడు బియ్యం లోడు. మచ్చ లేకుండా తిరిగొస్తే ఈ సీటు అతనిది. లేదంటే మళ్ళీ ట్రాక్టరే.

రావులపాలెం వంతెన దాటేలోపే చిట్టియ్య మొదలుపెట్టాడు.

ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మామగారు మంచివాడా, మిల్లు ఓనరు తిట్టేవాడా. ఒకటి చెబితే ఇంకొకటి అడిగేవాడు.

ఒంగోలు దగ్గర భోజనం చేసి బయల్దేరారు. ఎండ దంచేస్తోంది.

"మీది ఆత్రేయపురం అన్నావు కదా."

"అవునండి."

"పూతరేకులు నాకసలు పడవబ్బాయ్. కాగితం నమిలినట్టుంటది. తాపేశ్వరం కాజా ముందు నిలబడతాయా?"

గంగరాజుకు చిర్రెత్తుకొచ్చింది. అతని భార్య దుర్గాశ్రీకి పూతరేకులు చుట్టడంలో ఊళ్ళో మంచి పేరుంది. నెల్లూరు దాకా వాదించాడు. చిట్టియ్య ఒక్క మెట్టూ దిగలేదు.

మర్నాడు భోజనం కాగానే మళ్ళీ అదే గొడవ.

"నిన్న చెప్పాను కదండీ."

"మర్చిపోయాను. మళ్ళీ చెప్పు."

చిత్రమేంటంటే, బండి ఆగితే ఆ మనిషి నోరూ ఆగిపోయేది. హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నా మాట ఉండేది కాదు. ఇంజను స్టార్టయిందంటే చాలు, మళ్ళీ మొదలు.

గంగరాజుకు అనుమానం వచ్చింది. తన కూపీలన్నీ లాగి ఓనరుకు మోయడానికే ఈయన్ని పక్కన కూర్చోబెట్టారనుకున్నాడు. ఏ మాట ఎలా చేరుతుందో, ఏ మాటకు సీటు పోతుందో!

తిరుగు ప్రయాణంలో అతని ఓపిక అయిపోయింది.

"కాసేపు నోరు మూసుకుని కూర్చోండి."

చిట్టియ్య మొహం వాడిపోయింది.

"అదొక్కటీ నా వల్ల కాదబ్బాయ్. కావాలంటే తిట్టు, పడతాను."

తిట్టాడు కూడా. చిట్టియ్య ఆ తిట్లకు కూడా ఊరుకోకుండా జవాబులు చెబుతూ వచ్చాడు.

మండపేట చేరగానే గంగరాజు సంపూర్ణమ్మ దగ్గరకు వెళ్ళాడు.

"క్లీనర్ని మార్చండమ్మా."

"ఏం, పని చెయ్యడా?"

"చేస్తాడండి. మాట్లాడతాడు."



"ఆలోచించుకునే అడుగుతున్నావా?"

"అవునండి. ఆయన పక్కనుంటే బండి తోలలేను."

అరుగు మీదున్న చిట్టియ్యకు అంతా వినిపించింది. క్యారియరు పట్టుకుని లేచాడు.

"అన్నం తిన్నాక ఓ కునుకు తీసి బయల్దేరబ్బాయ్," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

కొత్త క్లీనరు అప్పాజీ. రోజుకు ఒక మాట మాట్లాడితే గొప్ప. గంగరాజు ప్రాణం హాయిగా ఉంది.

ఒంగోలు దగ్గర భోజనం చేశారు. లోడు తొందరగా దింపితే మంచి పేరొస్తుందని వెంటనే బండి తీశాడు. ఎండ, తిన్నని రోడ్డు, క్యాబిన్లో చప్పుడు లేదు.

కళ్ళు ఎప్పుడు మూసుకున్నాడో అతనికి తెలియదు. తెరిచేసరికి లారీ సరుగుడు తోటలో ఉంది. అద్దం పగిలి ఒళ్ళంతా గాజుముక్కలు. పక్కన అప్పాజీ అప్పుడే నిద్ర లేస్తున్నాడు. బండికి రెండు బారల దూరంలో మేకలు కాసుకునే ఆవిడ చెట్టును పట్టుకుని వణికిపోతోంది.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. గంగరాజు మాత్రం చాలాసేపు ఆవిడ మొహం చూడలేకపోయాడు.

తిరిగొచ్చి సంపూర్ణమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"సీటు తీసేస్తే తీసెయ్యండమ్మా. చిట్టియ్య గారిని మాత్రం ఓసారి పిలిపించండి. కాళ్ళు పట్టుకుంటాను."

"ఇక్కడ లేడు. కాకినాడ లారీ ఎక్కాడు. అక్కడా ఎవరో కొత్త డ్రైవరంట."

"ఎప్పుడొస్తారండీ?"

"ఇక రాడు. వద్దన్న బండి మళ్ళీ ఎక్కడు."

గంగరాజు తల వంచుకున్నాడు.

"ఆయన్ని నోరు మూసుకోమన్నానమ్మా."

"తెలుసు. చెప్పాడు. నీ గురించి ఆ ఒక్క ముక్కే చెప్పాడు నాకు."

ఆమె గోడ మీద దండ వేసిన ఫొటో వైపు తిరిగింది.

"మా ఆయన ఎలా పోయారో నీకు తెలుసా?"

"లారీ యాక్సిడెంటని విన్నానండి."

"బండి ఆయనే తోలుతున్నారు. అన్నం తిని బయల్దేరారు. క్లీనరు ఒకటే వాగుతున్నాడని విసుక్కుని, కాసేపు నోరు మూసుకోమన్నారు."

గంగరాజు తలెత్తాడు.

"ఓనరు చెప్పారు కదా అని నోరు మూసుకున్న ఆ క్లీనరే చిట్టియ్య," అంది సంపూర్ణమ్మ.