బసూన్ వదిలే కాగితం

కోరా అర్జీని బల్లమీద పెట్టగానే ప్రొఫెసర్ నీగార్డ్ సంతకం చేసేశాడు. సంగీతం డిగ్రీ మానేసి, అదే కాలేజీలో దాంతోపాటు చదువుతున్న భూగర్భశాస్త్రం ఒక్కటే చదువుకుంటానన్న అర్జీ అది.

మూడేళ్లుగా ఆయన దగ్గర బసూన్ అనే పొడవాటి ఊదే వాద్యం నేర్చుకుంటున్న కోరాకి ఒళ్లు మండింది. ఆయన వద్దంటే ఏం చెప్పాలో విస్కాన్సిన్ చలిలో దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చింది మరి.

"ఎందుకని అడగరా సార్?"

"ఎందుకు?"

"నాకు వాయించడం చేతకాదు కనక."

"ఎవరన్నారు?"

"బాగుందని మీరు ఒక్కసారైనా అన్నారా?"

ఆయన కలానికి మూత పెట్టాడు. "తప్పు వాయిస్తే ఆపుతాను కదా. ఈ ఏడాది ఎన్నిసార్లు ఆపాను?"

కోరా గుర్తు చేసుకుంది. సెప్టెంబరులో ఒక్కసారి. అదీ కిటికీ వెయ్యమనడానికి.

"అదా మీ మెచ్చుకోలు?"

"మా ఇంట్లో అంతే. మా ఆవిడకి కూడా అలవాటైంది. కాగితం చింపెయ్యనా?"

చేతకాదనే వదిలేద్దామనుకుంది కోరా. ఆ కారణం కాస్తా పోయింది. అయినా శనివారం సుత్తి పట్టుకుని రాతి క్వారీకి ఎప్పుడు వెళ్దామా అన్న ఆత్రం మాత్రం అలాగే ఉంది.

"వద్దు సార్," అంది నెమ్మదిగా. "నాకు రాళ్లంటే ఇష్టం."

"అదీ కారణమంటే," అని కాగితం ఆమె చేతికిచ్చాడు. "గురువారం నాలుగింటికి పాఠానికి రా. రాళ్లు చదివేవాళ్లకి బసూన్ చెప్పకూడదని ఎక్కడా రాసిలేదు."