ఆరూ పదకొండు

గురువారం సాయంత్రం ఆరింటికి కాపలాదారు మెర్వ్ మైదానం గేటు మూసి గొళ్ళెం పెట్టాడు. పదకొండు నిమిషాల తర్వాత ఓ పికప్ బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి గేటు ముందు ఆగింది.

దిగింది ఏడో నంబర్ ఆటగాడు. ఈ ఏడాది టారవిక్ ఊరి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు కొట్టిన గోల్స్‌లో సగం, నలభై ఒకటి, అతనివే. చొక్కా నిండా రక్తం. గిల్బీ రోడ్డు మీద గొర్రెల లారీ బోల్తా పడింది. డ్రైవర్ని బయటికి లాగి, అంబులెన్స్ వచ్చేదాకా గాయం అదిమిపట్టుకుని కూర్చోవడం వల్ల అయిన ఆలస్యం అది.

మెర్వ్ గొళ్ళెం తీశాడు. పుస్తకంలో టైము రాసుకున్నాడు. లోపల పరుగులు తీస్తున్నవాళ్ళంతా ఆగిపోయి చూశారు.

రూల్ అందరికీ తెలుసు. గురువారం ఆరు దాటి వచ్చినవాడు శనివారం ఆడడు.

ఆ రూల్ పెట్టింది కోచ్ రోరీ క్వినెల్. అతను పగ్గాలు పట్టేనాటికి టారవిక్ ఒక్క మ్యాచ్ గెలిచి రెండేళ్ళయింది. ఓడడం అలవాటైపోయింది. ప్రాక్టీసుకి ఏడుగురు వస్తే ఎక్కువ. మ్యాచ్ ఓడిన ఐదు నిమిషాల్లో బట్టలు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళు పబ్బుకి పోయేవారు. చివరికి లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు గెలవకపోతే వచ్చే ఏడాది టారవిక్ జట్టు ఉండదు.

రూల్ మొదట జట్టులోని టైసన్ మీద పడింది. బిడ్డకి నలభై డిగ్రీల జ్వరం. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినా నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. రోరీ అతన్ని ఆ శనివారం ఆడనివ్వలేదు. టైసన్ భార్య ఇప్పటికీ రోరీ ఎదురైతే మొహం తిప్పుకుంటుంది.

కానీ ఆ తర్వాతి గురువారం ఐదున్నరకే ముప్ఫై మంది వచ్చారు. మెల్లగా మూడు మ్యాచ్‌లు గెలిచారు. ఇంకొక్కటి కావాలి. మిగిలింది కూడా ఒక్కటే. శనివారం, గిల్బీ జట్టు మీద.

శుక్రవారం పొద్దున్న రోరీ క్లబ్ బోర్డు మీద జాబితా అంటించాడు. క్లబ్ ప్రెసిడెంట్ గ్లెనిస్ పోస్టాఫీసు తెరవడం మానేసి వచ్చింది. చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏంటయ్యా రోరీ ఇది? ఏడో నంబర్ ఏదీ?"

"గురువారం ఆలస్యం."

"ఒకడి ప్రాణం నిలబెట్టిన ఆలస్యం అది! ఊరంతా చెప్పుకుంటోంది."

"టైసన్‌ది కూడా బిడ్డ ప్రాణం సంగతే కదండీ. అప్పుడు ఒప్పుకున్నామా?"

"అప్పుడు ఓడినా ఇంకో మ్యాచ్ ఉంది. ఇప్పుడు ఓడితే క్లబ్బే లేదు! ఆ చోట్లో ఎవర్ని పెట్టావ్? డూగల్‌నా? బేకరీ డూగల్‌నా? మెట్లెక్కితేనే వాడి మోకాలు టకటకమంటుంది!"

రోరీ ఊడుతున్న కాగితం మూలని బొటనవేలితో అదిమాడు.

"మెర్వ్ ఆ పేజీ చింపేస్తానంటున్నాడు. ఒక్కడూ నోరెత్తడు. పూచీ నాది."

"వద్దు గ్లెనిస్. రేపు టైసన్ మొహం ఎలా చూడమంటారు?"

మధ్యాహ్నం రోరీకి తల్లి ఫోన్ చేసింది.

"మీ తాత ఆడాడు. మీ నాన్న ఆడాడు. మన ఇంటి పేరు లేకుండా ఆ బోర్డు మీద జాబితా ఎప్పుడైనా పడిందట్రా? ఈ ఒక్క శనివారానికి కళ్ళు మూసుకో నాయనా."

"మూసుకుంటే మళ్ళీ తెరవలేనమ్మా."

ఫోన్ పెట్టేశాక రోరీ వంటింటి బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. రెండుసార్లు లేచి కారు తాళాలు తీసుకున్నాడు. పది నిమిషాల్లో క్లబ్‌కి వెళ్ళి ఆ కాగితం పీకేయొచ్చు. రెండుసార్లూ తాళాలు తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

శనివారం మైదానం చుట్టూ కార్లు నిలిచాయి. టారవిక్ గోల్ కొట్టినప్పుడల్లా హారన్లు మోగాయి. రోరీ కంచె పట్టుకుని నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మోకాలికి పట్టీ చుట్టుకున్న డూగల్ పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. టైసన్ ఒంటి నిండా బురదే.

ఆఖరి నిమిషం. రెండు పాయింట్లు వెనక, ఒక్క గోల్ కొడితే ఆరు పాయింట్లు. టైసన్ తన్నిన బంతి ఆకాశంలోకి లేచి గోల్ స్తంభాల ముందుకి దిగింది. కింద డూగల్ ఒక్కడే. చేతుల్తో పట్టుకుంటే అడ్డు లేకుండా గోల్‌కి తన్నొచ్చు. ఎగిరాడు. బంతి వేళ్ళకి తగిలి జారిపోయింది.

ఆట ముగిసినట్టు సైరన్ మోగింది.

హారన్ ఒక్కటీ మోగలేదు. ఓ కారు కిటికీలోంచి ఎవరో ఏడుపు గొంతుతో అరిచారు. "అక్కడ ఏడో నంబర్ ఉండి ఉంటేనా!"

రోరీకి వినిపించింది. కంచె వదల్లేదు. నూట ఎనిమిదేళ్ళ క్లబ్. తాత ఆడిన క్లబ్. తన చేత్తో తనే చంపేశాడు. కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. డ్రెస్సింగ్ రూమ్ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. ఈపాటికి అందరూ పబ్బుకి పోయి ఉంటారనుకున్నాడు. పోయి, తనని తిట్టుకుంటూ ఉంటారనుకున్నాడు.

బురద తొక్కుకుంటూ ఎవరో వచ్చారు. టైసన్. బూట్లు కూడా విప్పలేదు.

"ఒక్కడూ కదల్లేదు లోపల" అన్నాడు టైసన్. "డూగల్ ఏడుస్తున్నాడు. నువ్వొస్తే గానీ స్నానాలు చేయం అంటున్నారు."

రోరీ తల అడ్డంగా ఊపాడు. "నా మొహం చూస్తారా వాళ్ళు?"

టైసన్ అతని జబ్బ పట్టుకుని కంచె నుంచి ఊడలాగాడు.

"నలభై ఒక్క గోల్స్ కొట్టినోడివి, జాబితాలో నీ పేరు నువ్వే కొట్టేసుకుని ఇంకెంతసేపు బయట నిలబడతావ్, రా కోచ్!"