ఇనుపరెక్కల గుర్రం

"మంచి ముందు చెప్పమంటావా, చెడు ముందు చెప్పమంటావా?" తడిసిన గొడుగును గుమ్మం పక్కన ఆనిస్తూ అడిగాడు పాండురంగయ్య.

"సెడే ముందు సెప్పండి బాబూ. ఆదోరం సభలో అందరి ముందూ ఒక్కసారే ఇంటే నాను తట్టుకోనేను," అన్నాడు అప్పలస్వామి, చూపులేని కళ్ళను మాట వచ్చిన వైపు తిప్పి.

గోల్‌బజారులో బట్టల కొట్టు నడుపుకుంటూ, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పుస్తకాల సభలన్నీ నెత్తిన వేసుకునే మనిషి పాండురంగయ్య. పేరున్న రచయితలనే మొహమాటం లేకుండా చీల్చి చెండాడిన నోరు. ఆ నోరు మలంచా పేటలోని ఈ ఇంట్లో ఎండిపోయింది.

ఆదివారం సభలో ఆయన మాట్లాడబోయే పుస్తకం పేరు 'ఇనుపరెక్కల గుర్రం'. మీసాలొచ్చే వయసు పిల్లల కోసం రాసిన మాయలూ మంత్రాల నవల. రాసింది అప్పలస్వామి కొడుకు దేముడు. అచ్చయి వచ్చేసరికి వాడు లేడు. విశాఖపట్నంలో పచ్చకామెర్లు పొట్టన పెట్టుకున్నాయి.

పోయేనాటికి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. విజయనగరంలో మేనమామ ఇంట చదువు ముగించుకుని వచ్చినవాణ్ణి రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరమన్నాడు తండ్రి. కథలు రాసుకుంటానన్నాడు కొడుకు. ఆ కాగితాలన్నీ తీసి పొయ్యిలో పెట్టాడు అప్పలస్వామి. దేముడు ఆ పూటే రైలెక్కాడు, మళ్ళీ రాలేదు. తర్వాత నీటికాసులు వచ్చి ముసలాయన చూపు కూడా పోయింది. పగవాడికి కూడా రాకూడని కష్టం.

"పుస్తకం ఎంతవరకు విన్నావు?" నెమ్మదిగా అడిగాడు పాండురంగయ్య.

"అంతా ఇన్నాను. మా సిట్టెమ్మ సదివింది. అది సదివింది బెంగాలీ బడిలోనే గానీ, సెలవులకొచ్చినప్పుడల్లా అన్న దానికి తెలుగు అచ్చరాలు నేర్పినాడు. ఎనక మెట్లకాడ పలక ఒళ్ళో ఎట్టుకుని ఇద్దరూ ఒకటే నవ్వులు."

చిట్టెమ్మ టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. తల ఎత్తలేదు.

అంతా విన్నాడా! మరి చివరి అధ్యాయం కూడా విని ఈ మనిషి ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నాడో పాండురంగయ్యకు అంతుబట్టలేదు. ముందు తేలికైన లోపాలు ఎత్తుకున్నాడు.

"కథ ఒక గుహలోంచి ఇంకో గుహలోకి పోతూనే ఉంటుంది, ఊపిరాడదు. రాక్షసులు మరీ ఎక్కువ. నవ్వు మచ్చుకైనా లేదు."

"నవ్వు నేదా? గుర్రం రసగుల్లా కుండలో మూతెట్టి, రెక్కలకి పాకం అంటుకుని సతికిలబడితే నాను పొట్ట సెక్కలయ్యేలా నవ్వినాను!"

రసగుల్లా కుండ ఎక్కడుందో పాండురంగయ్యకు గుర్తు రాలేదు. ముసలాయన వింటూ కునుకు తీశాడేమో, ఏదో కలగని ఉంటాడు అనుకున్నాడు.

"మరి మంచి?" అడిగాడు అప్పలస్వామి.

"ఊహ! కరిగిన ఇనుము పిట్టలై కొలిమిలోంచి ఎగిరిపోతుంది చూడు, అది ఎవరు పడితే వాళ్ళు రాయగలిగింది కాదు. నీ కొడుకు బతికుంటే పెద్ద రచయిత అయ్యేవాడు, అప్పలస్వామీ."

అప్పలస్వామి గొంతు తగ్గించి అన్నాడు. "గుర్రం రెక్క ఇరగ్గొట్టిన కమ్మరోడున్నాడు గదా, ఆ కుర్రోడి అయ్య. అది నానే బాబూ."

పాండురంగయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆకర్న కొడుకు తిరిగొస్తాడు. 'అయ్యా, ఈ రెక్క నువ్వే అతకాల' అంటాడు. ఇద్దరూ కలిసి కొలిమి ఊదుతారు. ఆడు నన్ను సమించినాడు బాబూ! కోపంతో పోనేదు. ఆ ముక్క ఇన్నాకే నాకు ముద్ద దిగుతోంది." ముసలాయన తడుముకుని పుస్తకం తీసి చాచాడు. "మీ నోటితో ఓసారి సదవండి. మగోడి గొంతులో ఇనాలనుంది."

చిట్టెమ్మ గోడకు ఆనుకుపోయింది.

పాండురంగయ్య చివరి పేజీ తీశాడు. అచ్చులో ఉన్నది వేరు. కుర్రవాడు గుర్రమెక్కి, వెనక్కి తిరక్కుండా, 'ఆ తండ్రికి నా చితి కూడా చూపించకండి' అని ఊరివాళ్ళతో చెప్పి వెళ్ళిపోతాడు. ఆ అక్షరాల మీదే చూపు నిలిపి, జన్మలో ఎన్నడూ పుస్తకం తప్పు చదవని మనిషి, గట్టిగా చదివాడు.

"అయ్యా, ఈ రెక్క నువ్వే అతకాలి, అన్నాడు కొడుకు. తండ్రి కొలిమి రాజేశాడు..."

అప్పలస్వామి బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఆదివారం సభలో చివరి అధ్యాయం ఊసు నేనెత్తను. ఎవర్నీ ఎత్తనివ్వను," అని లేచాడు పాండురంగయ్య. "అది నీకూ నీ కొడుక్కీ మధ్య ఉండనీ."

చిట్టెమ్మ గొడుగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. పాండురంగయ్య ఆగి, ఇంట్లోకి వినబడకుండా అన్నాడు.

"మంచి పని చేశావమ్మా. అది ఉన్నదున్నట్టు చదివుంటే ఆయన బతికేవాడు కాదు. ఆ చితి మాట ఎప్పటికీ ఆయన చెవిన పడనివ్వకు."

చిట్టెమ్మ చప్పున తలెత్తింది. "సితి మాటేటి బాబుగారూ?"

"అదేనమ్మా, చివరి పేజీలోది. నువ్వు మార్చి చదివావు కదా!"

"నానేటీ మార్చనేదు." ఆమె గేటు పట్టుకుంది. "బాబుగారూ... మా అన్న నిజంగా ఏటి రాసినాడు?"

వెనక మెట్ల మీద ఆ పలక నిండా అన్న గీసినవన్నీ గుర్రం బొమ్మలే, చెప్పినవన్నీ ఆ గుర్రం కథలే. చిట్టెమ్మకు తెలుగు అక్షరం ముక్క రాదు.