కాగితం మీది పేషంట్లు

"నలుగురు పేషంట్లు. నర్సు ఒక్కతే. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?" కోడలు కార్డు పైకెత్తి గట్టిగా చదివింది.

"నలుగురి దగ్గరికీ," అంది అత్తగారు, ఉల్లిపాయలు తరగడం ఆపకుండా.

"ఒక్కరినే చెప్పాలి అత్తయ్యా!"

"మరి మిగతా ముగ్గురూ ఏ గంగలో దూకాలి?"

"వాళ్ళు కాగితం మీది పేషంట్లు. వాళ్ళకేం కాదు. మన పరీక్షే పోతుంది."

మూడు నెలలుగా ఆ ఇంట్లో ఇదే గోల. నర్సు లైసెన్సు పరీక్ష ఇప్పటికి రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి. ఇదీ పోతే మళ్ళీ రెండేళ్ళ దాకా రాయనివ్వరు. పెద్దాసుపత్రిలో ఉద్యోగమైతే సిద్ధంగా ఉంది గానీ, వాళ్ళు నెలాఖరు దాకానే ఆగుతామన్నారు. లైసెన్సు లేనివాళ్ళని ఈ దేశంలో సూది కూడా ముట్టుకోనివ్వరు. వెనక ఎక్కడ ఎంత పని చేసొచ్చామన్నా చెవిన వేసుకోరు.

అందుకే కోడలు పని దగ్గర సెలవు పెట్టేసింది. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుంటూ జబ్బులు వల్లించేది. ప్రశ్నలన్నీ కార్డుల మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది, అద్దానికి అంటించింది, ఇంకెక్కడా చోటు లేక మొగుడి వీపుకి కూడా అంటించింది. పాపం, అతను చూసుకోకుండా అలాగే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. "షుగర్ పడిపోతే లక్షణాలేమిటి?" అన్న కార్డు చదివి, లిఫ్టులో వెనకనున్నాయన "చెమటలు, వణుకు" అన్నాడట. జవాబు కరెక్టే.

మామగారికి పేషంటు ఉద్యోగం దొరికింది. రోజూ కాఫీ తాగి సోఫాలో వెల్లకిలా పడుకోవడం, మూలగడం.

"ఇవాళ నాకేం జబ్బు?" అని ఆయనే అడిగేవాడు. "నిన్న గుండెపోటు ఇచ్చారు. ఇవాళ కాస్త తేలికైంది చూడండి."

అసలు చిక్కంతా అత్తగారి అనుభవంతోనే. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి. పుస్తకం ఒకటి చెబితే ఆవిడ ఇంకోటి చెబుతుంది. కోడలు ఏ ప్రశ్న మొదలుపెట్టినా, ఆప్షన్లు చదవకముందే ఆవిడ జవాబు వచ్చి పడేది.

"ఆపరేషనైన పేషంటు నొప్పి అంటున్నాడు. నర్సు మొదట ఏం చేయాలి?"

"పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పాలి. భయం పోతే సగం నొప్పి పోతుంది."

"నొప్పి ఎక్కడుంది, ఎంతుంది అని అడగాలి. మీ కబుర్లు ఆప్షన్లలో లేవు!"

"లేకపోతే ఆప్షన్లే తప్పు."

కోడలు తల పట్టుకుంది. "పుస్తకంలో ఆసుపత్రి వేరు అత్తయ్యా. అక్కడ మంచాలు ఖాళీగా ఉంటాయి. డాక్టరు పిలవగానే వస్తాడు. మీ వార్డు సంగతులు పట్టుకునే రెండుసార్లూ కొంప మునిగింది."

అత్తగారు మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంత మాట ఎందుకన్నానా అని కోడలు సాయంత్రం దాకా బాధపడింది.

పరీక్ష రెండు రోజులుందనగా కోడలు మళ్ళీ ఆ నలుగురు పేషంట్ల కార్డే తీసింది. అత్తగారు కాసేపు గింజుకుంది. చివరికి పళ్ళు కొరుకుతూ, "ఊపిరాడని వాడి దగ్గరికి," అంది.

"ఎందుకు?"

"నీ పుస్తకం అలా ఏడ్చింది గనక!"

కోడలు ఒక్క గెంతు గెంతి అత్తగారిని వాటేసుకుంది. సోఫాలో కోమాలో ఉన్న మామగారు లేచి చప్పట్లు కొట్టాడు.

పరీక్ష రోజు కోడలి కాలు ఒకచోట నిలవలేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు వేసుకుని బయల్దేరింది. అత్తగారే చూసి మార్పించింది. నలుగురూ కలిసి బస్సెక్కారు. లోపలికి మాత్రం ఒక్కరికే ప్రవేశం.

ఐదు గంటల పరీక్ష. రెండు గంటలు గడిచేసరికే కంప్యూటరు ఇక చాలని ప్రశ్నలు ఆపేసింది. బాగా రాసినా అలాగే ఆగుతుందట, అధ్వాన్నంగా రాసినా అలాగే ఆగుతుందట.

మూడో రోజు పొద్దున్న ఫలితం వచ్చింది. చూసే ధైర్యం ఎవరికీ లేకపోతే ఫోను కోడలే తీసుకుంది. ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను సగం తెరిచి చూసింది.

"పాస్!"

ఇల్లు దద్దరిల్లింది. మామగారు సోఫా ఎక్కి నిలబడ్డాడు. మొగుడు గరిటె పట్టుకునే చిందులేశాడు. కోడలు కార్డులన్నీ గాల్లోకి ఎగరేసి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆమెకి పట్టరానంత సంతోషంగా ఉంది. అత్తగారు కుర్చీలో కూలబడి, "ఏదీ, ఇంకోసారి చదువు," అని అడుగుతూనే ఉంది.

ఆ అరుపులకి పక్కింటావిడ పూలగుత్తితో పరిగెత్తుకొచ్చింది. మూడు నెలలుగా గోడ అవతల నుంచి కోడలి గొంతు విని విని, ఆవిడకీ సగం వైద్యం వచ్చేసింది. నేరుగా వెళ్ళి పూలు కోడలి చేతిలో పెట్టింది.

"ఎంత కష్టపడ్డావమ్మా! ఇంతకీ డ్యూటీలో ఎప్పుడు చేరుతున్నావు?"

కోడలు కళ్ళు తుడుచుకుని, ఆ పూలని అత్తగారి ఒళ్ళో పెడుతూ అంది: "నేను బట్టలు కుట్టుకునేదాన్ని పిన్నిగారూ, రక్తం చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోతాను, పాసైంది మా అత్తయ్య!"